రెండో చెయ్యి లేవకపోతే పాట లేదు: ప్రయాణ అనుభవాల వేలంపై ఒక కేస్ స్టడీ

పాత వరంగల్ జిల్లా పరిధిలో పనిచేసే ఒక చిన్న ట్రస్టు, ప్రభుత్వ హైస్కూళ్లలో భూగోళ పాఠాల కోసం నిధులు సమకూర్చుకోవాలని వరుసగా రెండేళ్లు ప్రయాణ అనుభవాల వేలం పెట్టింది. మొదటి ఏడు హాల్లో పెట్టిన వేలంలో ఖర్చులు పోను 59 వేలు మిగిలాయి. రెండో ఏడు 4 లక్షల 54 వేలు మిగిలాయి. ఊరు అదే. పిలిచినవాళ్లలో ముప్పాతిక మంది పాతవాళ్లే. రెండో ఏడు వేలానికి పెట్టిన లాట్ల (ఒక్కో పాటకు పెట్టే ట్రిప్పు, బస, భోజనం లాంటిది ఒక లాటు) సంఖ్య మొదటి ఏటిలో సగం కూడా లేదు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో, ట్రస్టుకు సలహాలిచ్చిన మేం వివరంగా రాస్తున్నాం. ట్రస్టు, బడులు, మనుషుల గుర్తులు తీసేశాం. మొత్తాలను వేలకు సర్దాం.

నేపథ్యం

రిటైరైన సోషల్ టీచర్లు ఆరుగురు, ఒక మాజీ బ్యాంకు మేనేజరు కలిసి నడిపే ట్రస్టు ఇది. ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్, దాతలకు పన్ను మినహాయింపు వచ్చే 80జీ ఉన్నాయి. విదేశీ విరాళాలు తీసుకునే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేదు. ఈ సంగతి ముందు ముందు అవసరపడుతుంది. హన్మకొండ, వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు 14 హైస్కూళ్లతో కలిసి పనిచేస్తుంది.

పని రెండు రకాలు. ఒకటి సామాను: బడికి రెండు సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (ఊళ్లు, వాగులు, గుట్టలు చూపే వివరమైన పటాలు), ఆరు దిక్సూచులు, ఒక వర్షమాపకం. రెండోది తొమ్మిదో తరగతికి ఏటా ఒక రోజు క్షేత్ర పర్యటన. యాభై మంది పిల్లలకు బస్సు, భోజనం, నీళ్లు, మందుల పెట్టె, అదనంగా ఇద్దరు పెద్దలు కలిపి 28 వేలవుతుంది. 14 బస్సులకు 3 లక్షల 92 వేలు. సామానుతో కలిపి ఏటా ఐదున్నర లక్షలు కావాలి.

టోపోషీట్లు రెండెందుకంటే, 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం హన్మకొండ-వరంగల్ నగరం మధ్యలో నుంచే పోతుంది. వేయిస్తంభాల గుడి ఆ రేఖకు ఉత్తరాన, కోట దక్షిణాన ఉన్నాయి. సర్వే షీట్లు సరిగ్గా అక్కడే తెగుతాయి. హన్మకొండ వైపు 56 ఎన్/12లో, కోట వైపు 56 ఓ/9లో పడతాయి. ఒక్క షీటే ఇస్తే పిల్లలకు సగం ఊరే కనిపిస్తుంది.

మొదటి ఏడు ఏం చేశారు

వేలం ఆలోచన కమిటీలోనే పుట్టింది. ‘బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది, 2024లో 30 లక్షల వెయ్యికి పోయింది. లడ్డూకే అంత ఇచ్చే జనం పిల్లల చదువుకు ఇయ్యరా’ అన్నది వాదన. పోలిక తప్పు. లడ్డూ పాటలో అమ్ముడయ్యేది ఏటేటా పెరిగిన పరువు. పాడినవాడి పేరు మర్నాడు పేపర్లో వస్తుంది. మూడు దశాబ్దాల ఆనవాయితీ వెనక ఉంటే తప్ప ఆ ధర రాదు. కొత్తగా మొదలయ్యే పాటకు ఆ అండ ఉండదు.

మార్చిలో ఒక ఆదివారం రాత్రి ఫంక్షన్ హాల్లో పెట్టారు. తొంభై మంది వచ్చారు. 22 లాట్లు: గోవాలో మూడు రాత్రుల హోటల్, అరకులో హోమ్‌స్టే, హైదరాబాద్ పెద్ద హోటల్లో భోజనం, లక్నవరం కాటేజీ, బొగత జలపాతం ట్రిప్పు, పాకాలలో పక్షుల పరిశీలన, రామప్పలో గైడుతో ఒక రోజు, ఇలా. బల్లల మీద కాగితాలు పెట్టి, కావాల్సినవాళ్లు పేరూ ధరా రాయాలన్నారు. పేరు మోసిన సంస్థలు ఎక్కడో ‘సైలెంట్’ వేలం అలా పెడతాయని ఎవరో చెప్పారు.

ఫలితం: 22లో 13 లాట్లు పోయాయి. కాగితం మీద 1 లక్ష 46 వేలు. అందులో ఇద్దరు 19 వేలు కట్టనే లేదు. ఖర్చు 68 వేలు: మార్చి పెళ్లిళ్ల సీజను కాబట్టి హాలుకు 25 వేలు, భోజనాలకు 27 వేలు, యాంకరుకు 10 వేలు, మైకూ ఫ్లెక్సీలకు 6 వేలు. మిగిలింది రెండు బస్సుల డబ్బు, పైన మూడు వేలు.

జూన్‌లో మిగిలిన తొమ్మిది లాట్లను వాట్సాప్ గ్రూపులో పాటకు పెట్టారు. అది ఇంకా అధ్వానం. రాత్రి 9 గంటలకు పాట ముగింపన్నారు. 8:59కి పంపిన మెసేజ్ కొందరి ఫోన్లో 9:01కి కనిపించింది. ఒక లాటు మీద గొడవై 6 వేల పాట రద్దయింది. నాలుగు లాట్లకు 31 వేలు పలికితే చివరికి నిలబడింది 7 వేలు. మిగతా 18 వేలు వెనక్కి ఇచ్చేయాల్సి వచ్చింది. దాని కథ తర్వాత.

కాగితాలు ఏం చెప్పాయి

కమిటీ మొదటి ప్రతిపాదన ‘వచ్చే ఏడు 40 లాట్లు, ఇంకా పెద్ద హోటళ్లు’. దానికి ఒప్పుకునే ముందు మొదటి ఏటి బల్లల మీది కాగితాలన్నీ ఒకచోట పరిచి చూడమన్నాం. పారేయకుండా దాచడం వాళ్ల అదృష్టం. వేలం పెట్టేవాళ్లు గెలిచిన ధరలే రాసుకుంటారు. ఎవరెవరు పోటీ పడ్డారన్నది అంతకన్నా విలువైన సమాచారం.

13 లాట్లలో ఎనిమిదింటి మీద ఒక్క పేరే ఉంది. ఆ ఎనిమిదీ కలిపి 55 వేలు. రెండు అంతకన్నా ఎక్కువ పేర్లున్నవి ఐదే, కానీ వాటికి 91 వేలు వచ్చాయి. పాటలో ధరను తేల్చేది రెండో మనిషి. మొదటివాడి దగ్గర లక్ష ఉన్నా, రెండోవాడు పదివేల దగ్గర ఆగితే మొదటివాడు పదిన్నరతో గెలుస్తాడు. అందుకని లాటు ఎంచుకునేటప్పుడు దాని మార్కెట్ విలువ అడగడం దండగ. ఇది కావాలనుకునే కుటుంబాలు ఈ హాల్లో కనీసం రెండున్నాయా అని అడగాలి.

గోవా హోటల్ విలువ 30 వేలు, 15 వేలకు మొదలుపెట్టారు. ఒక్క పేరూ లేదు. హోటల్ ధర ఎవరైనా ఫోన్లో చూసుకోగలరు. టికెట్లు వేరే, తేదీలు హోటల్ చేతిలో. పాకాల ఉదయానికి మార్కెట్ ధరంటూ ఏమీ లేదు, నలుగురు పేర్లు రాశారు, 16 వేలు పలికింది. పోటీ వచ్చిన ఐదు లాట్లలోనూ ఒక మనిషి ఉన్నాడు: రిటైర్డ్ అటవీ అధికారి, జియాలజీ లెక్చరరు, నేతగాడు. మనిషి లేని లాటుకు పోటీ రాలేదు.

ఇంకో సంగతి కాగితాల మీద కనపడదు, మనుషులను అడిగితే తెలిసింది. రామప్ప లాటు మీద మొదటి పేరు ఊళ్లో పెద్ద డాక్టరుది. ‘సారు రాసిండు గదా, మీదికెళ్లి మనం రాస్తే ఏం బాగుంటది’ అని ముగ్గురు వెనక్కి తగ్గారు. పేరు రాయించే పద్ధతి మొగమాటానికి దారి తీసింది. ఆ డాక్టరుకు ఈ సంగతే తెలియదు. ఎక్కువ ఇవ్వడానికి ఆయనకు అభ్యంతరమూ లేదు.

ఎక్కడెక్కడ పొరపాటు పడ్డారు

పది చిన్న తప్పులు ఉన్నాయి. అందులో నాలుగు ఖరీదైనవి.

మొదటిది కాలం. మార్చిలో అమ్మి, ఆరు నెలల గడువు పెట్టారు. పాకాలకు వలస పక్షులు వచ్చేది నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. అంటే పక్షులు వచ్చేనాటికి లాటు చెల్లదు. బొగత అందం జులై తర్వాత. కానీ వరద ఎక్కువైతే అటవీశాఖ సందర్శకులనే ఆపేస్తుంది. అమ్మిన 13లో ఆరు నెలల్లో వాడుకున్నవి నాలుగు. వాడుకోనివాళ్లు గొడవ చేయలేదు, కానీ రెండో ఏడు పిలిస్తే రావడానికి వెనకాడారు. ట్రస్టులకు ఫిర్యాదులు రావు, ఖాళీ కుర్చీలు వస్తాయి.

రెండోది తమది కానిది అమ్మడం. రామప్ప లాటు కరపత్రంలో ‘సూర్యోదయానికి ముందే గుడిలో’ అని రాశారు. అది కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్‌ఐ) రక్షిత కట్టడం, 2021 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలోనూ ఉంది. వేళలు వాళ్లవే. ట్రైపాడ్ పెట్టాలన్నా అనుమతి కావాలి. మనం అమ్మగలిగింది గుడిని కాదు, గుడి గురించి తెలిసిన మనిషి పూట ఒకటి. సింగరేణి గనిలోకి తీసుకెళ్తానని ఒక దాత ఉత్సాహంగా మాటిచ్చాడు. అలాంటి అనుమతి ఒక వ్యక్తి ఇవ్వగలిగేది కాదు కాబట్టి రెండో ఏడు దాన్ని పక్కన పెట్టించాం. పాండవుల గుట్టల దగ్గర రాతి ఎక్కుడు లాటునూ వద్దన్నాం. అక్కడ జారితే ఎవరిది పూచీ అన్న ప్రశ్నకు కమిటీ దగ్గర జవాబు లేదు.

మూడోది రసీదు. గెలిచినవాళ్లలో ముగ్గురికి పూర్తి మొత్తానికి 80జీ రసీదు ఇచ్చారు. ఎదురుగా ఒక సేవ తీసుకుని కట్టిన డబ్బు విరాళం కాదు. వాదించి ‘విలువకు మించిన భాగం విరాళం’ అనొచ్చు. కానీ రిటైర్డ్ లెక్చరరుతో ఒక పూటకు విలువ కట్టేదెవరు? సీఏ సూటిగా చెప్పారు: లాటు డబ్బుకు మామూలు రసీదు, 80జీ వద్దు. వేలం మార్చిలో జరిగింది కాబట్టి, మే 31లోపు ఆదాయపు పన్ను శాఖకు దాఖలు చేయాల్సిన 10బీడీ స్టేట్‌మెంట్‌లోకి (ఏడాది విరాళాల జాబితా) ఎక్కక ముందే ఆ మూడూ రద్దు చేసి, రాతపూర్వకంగా చెప్పారు. ఒకాయన నొచ్చుకున్నాడు. అయినా తప్పదు.

నాలుగోది ఆ 18 వేల కథ. వాట్సాప్ పాటలో గెలిచినాయన హన్మకొండలో పుట్టి పెరిగినవాడు, ఇప్పుడు అమెరికా పౌరుడు. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది. ఇక్కడి బ్యాంకు ఖాతా నుంచి, రూపాయల్లోనే పంపాడు. అయినా ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం ప్రకారం అది విదేశీ మూలం. చూసేది పౌరసత్వం, ఖాతా కాదు. భారత పాస్‌పోర్టుతో విదేశంలో ఉన్నవాడు బ్యాంకు ద్వారా ఇస్తే విదేశీ విరాళం కాదు. ఓసీఐ ఇస్తే అవుతుంది. ఈ జిల్లా నుంచి బయటి దేశాలకు వెళ్లినవాళ్లు చాలామంది, వాళ్లలో రెండు రకాలూ ఉన్నారు. ‘తమ్ముడి పేరు మీద కడతా’ అన్నాడాయన. అన్న డబ్బు తమ్ముడి చేతి మీదుగా తిప్పడం కూడా దారి కాదని చెప్పి, వచ్చిన ఖాతాకే తిప్పి పంపి, మినిట్స్‌లో రాసుకున్నారు. రెండో ఏటి రిజిస్ట్రేషన్ ఫారంలో ‘మీ పాస్‌పోర్టు ఏ దేశానిది’ అన్న గడి చేరింది. ‘ఎన్నారైనా’ అని అడిగితే చాలదు. ఆ మాటను జనం రెండు రకాలవాళ్లకూ వాడతారు.

రెండో ఏటి కూర్పు

తేదీ నుంచి మొదలుపెట్టారు. డిసెంబర్ మూడో వారం దాటిన ఆదివారం. ధనుర్మాసంలో పెళ్లిళ్లుండవు కాబట్టి హాలు 12 వేలకే దొరికింది. చలికాలం చేతిలో ఉంటుంది, పక్షులున్నాయి, ఎండ లేదు, సంక్రాంతి సెలవులు ముందున్నాయి. గడువు పన్నెండు నెలలు పెట్టారు, అన్ని రుతువులూ అందులో పడతాయి. గడువుతోనే సరిపెట్టలేదు. ప్రతి లాటుకూ మూడు తేదీలు ముందే ఖాయం చేసి కరపత్రంలో అచ్చేశారు. ‘మీ వీలు చూసుకుని ఫోన్ చేయండి’ అంటే ఎవరూ చేయరు. ములుగు రోడ్డు మీద వెళ్లాల్సిన లాట్లకు మాఘ పౌర్ణమికి అటూ ఇటూ రెండు వారాలు వదిలేశారు. అది మేడారం జాతర ఏడు. పస్రా, తాడ్వాయి దారిలో ఆ రోజుల్లో కారు కదలదు.

లాట్లు తొమ్మిదే. ప్రతిదానిలో ఒక మనిషి. రామప్ప, పాకాల, కాళేశ్వరం, కొత్తవాడ మగ్గం, పెంబర్తి ఇత్తడి పని, ఏనుమాముల మిర్చి యార్డు, ఒక రాత్రి నక్షత్రాలు, ఒక ఊరి చెరువు కట్ట, 18వ అక్షాంశం నడక. ఆతిథ్యం ఇచ్చేవాళ్ల దగ్గర ఒక పేజీ హామీ పత్రం రాయించుకున్నారు: ఎంతమంది, ఏ వయసు దాటినవాళ్లు, ఏ మూడు తేదీలు, ఎక్కడ కలవాలి, తిండి ఎవరిది, వాన పడితే ఏంటి, వేరేవాళ్లకు బదిలీ చేయొచ్చా, రెండో బృందానికి కూడా సిద్ధమేనా. బండి మాత్రం ఎప్పుడూ గెలిచినవాళ్లదే. ట్రస్టు బండి పెడితే అది టూర్ ఆపరేటర్ పని అవుతుంది. పన్నూ పూచీ రెండూ నెత్తిన పడతాయి. ఆతిథ్యం ఇచ్చేవాళ్లకు పెట్రోలు ఖర్చు కింద పూటకు 1,500 ఇచ్చారు. ఉచితంగా చేస్తామన్నవాళ్లు కూడా తీసుకున్నారు, తీసుకున్నాక తేదీ తప్పలేదు.

వివరణ రాయడంలో ఎక్కువ సమయం పెట్టారు. మొదటి ఏడు పాకాల లాటు కింద ఉన్నది ఇదీ: ‘ప్రకృతి ఒడిలో మరపురాని ఉదయం. పక్షి ప్రేమికులకు సువర్ణావకాశం.’ రెండో ఏడు ఇలా రాశారు:

‘పాకాల కట్ట మీద ఒక ఉదయం, రిటైర్డ్ అటవీ అధికారితో. నలుగురికి. పదేళ్లు దాటిన పిల్లలు రావచ్చు. ఉదయం 5:45కి నర్సంపేటలో కలవాలి, మీ బండిలో. బైనాక్యులర్లు రెండు ఇస్తారు. టిఫిన్ ఆయన ఇంటి నుంచి వస్తుంది. వాన పడితే తర్వాతి ఆదివారం. పిట్టలు తక్కువ కనిపించే రోజులుంటాయి. గణపతిదేవుడి కాలం నాటి కట్ట, తూము, మత్తడి మాత్రం ఎక్కడికీ పోవు.’

చివరి రెండు వాక్యాలు తీసేయాలని కమిటీలో ఇద్దరు పట్టుబట్టారు. ఉంచమన్నాం. ఏది దొరకకపోవచ్చో ముందే చెప్పిన కాగితం మీద నమ్మకం కుదురుతుంది. నమ్మకం లేకపోతే రెండో చెయ్యి లేవదు.

అందరినీ ఆశ్చర్యపరిచిన లాటు అక్షాంశం నడక. సాయంత్రం రెండు గంటలు, రిటైర్డ్ సోషల్ సారుతో, ఆరుగురికి. ఖర్చు సున్నా. వేయిస్తంభాల గుడి దగ్గర బయల్దేరి ఫోన్లో అక్షాంశం చూసుకుంటూ దక్షిణానికి నడుస్తారు. ఒక సెకను అక్షాంశం నేల మీద సుమారు 31 మీటర్లు. గుడి రేఖకు 13 సెకన్ల పైన ఉంది కాబట్టి, నాలుగు వందల మీటర్ల దగ్గర ఫోన్ మీద 18°00′00″ పడుతుంది. అక్కడ ఆగి టోపోషీట్లు రెండూ అంచు కలిపి చూస్తారు. పాత షీటు మీది గీత ఫోన్ చూపించే చోట పడదు. పాత సర్వే ఎవరెస్ట్ గోళాకారం అనే భూమి నమూనా మీద లెక్కకట్టింది, ఫోన్ డబ్ల్యూజీఎస్-84 అనే ఇంకో నమూనా మీద కడుతుంది. భూమి ఒక్కటే అయినా దాని ఆకారాన్ని లెక్కలో పట్టుకునే తీరు రెండు రకాలని పిల్లలకు అక్కడ నిలబడితే తెలుస్తుంది. పిల్లలున్న ఏడు కుటుంబాలు దీని మీద పాడాయి.

పాట ఎలా నడిపారు

కాగితాలు తీసేసి బహిరంగ పాట పెట్టారు. పేరుకు బదులు నంబరు అట్ట. డాక్టరుగారు ఇప్పుడు 17వ నంబరు. హాల్లో ఆయన ఎవరో అందరికీ తెలుసు, అయినా ‘17 మీద 23వ నంబరు’ అని పిలిస్తే మొగమాటం తగ్గుతుంది. గెలిచాక మాత్రం పేరు చదివి చప్పట్లు కొట్టించారు. లడ్డూ పాటలోని పరువును అక్కడ వాడుకున్నారు. అట్ట తీసుకునేటప్పుడు 2 వేల ధరావతు కట్టాలి, గెలవకపోతే వెనక్కి. ఈ ఒక్క షరతుతో ఎగవేత సున్నాకు వచ్చింది.

పిలిచేవాడిగా టీవీ యాంకరును వద్దని, కాలనీలో ఏటా వినాయకుడి పాట పిలిచే ఒక కిరాణా వ్యాపారిని పెట్టారు. ఆయనకు చిట్టీ పాటల అలవాటూ ఉంది. గుణం, లోపం రెండూ అదే. చిట్టీలో పాట తొందరగా తెగాలి, ‘ఒకటోసారి రెండోసారి’ ఊపిరాడకుండా వస్తాయి. ఇక్కడ భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకునే వ్యవధి కావాలి. ముందురోజు నాలుగు లాట్లు ఉత్తుత్తి పాటగా పిలిపించి, ‘రెండోసారి’ తర్వాత ఐదు లెక్కపెట్టమని అలవాటు చేయించారు. పెంపు 10 వేల దాకా 500, ఆ పైన వెయ్యి. సర్కారు పాట ఏ లాటుకైనా 3 వేలు. తక్కువలో మొదలైతే చేతులు ఎక్కువ లేస్తాయి, లేచిన చెయ్యి మళ్లీ లేస్తుంది.

వరుస మీద ఒక చర్చ జరిగింది. మార్కెట్ యార్డు ఎరిగిన సభ్యుడు ‘జెండా పాట లెక్క, మేలు సరుకు ముందు పెట్టాలె, దాన్ని బట్టే మిగతా ధరలు లేస్తయి’ అన్నాడు. మిర్చి యార్డులో అది నిజమే. అయితే అక్కడి ఖరీదుదారులకు రోజంతా సరుకు కావాలి. ఇక్కడ ఒక కుటుంబం ఒక లాటు గెలిస్తే చేతులు కట్టుకుని కూర్చుంటుంది. అందుకే చిన్న లాట్లు మూడు ముందు పెట్టి గొంతులు వేడెక్కాక నాలుగోది రామప్ప, ఐదోది పాకాల, ఆరోది అక్షాంశం పెట్టారు.

ఒకే లాటును వేరే తేదీకి రెండో బృందానికీ అమ్మే ఏర్పాటు ఎక్కువ ఫలించింది. మూడు లాట్లకు ఆతిథ్యం ఇచ్చేవాళ్లు రెండు బృందాలకు ఒప్పుకున్నారు. పాట మొదలయ్యే ముందే ఆ సంగతి చెప్పారు. పాకాల మీద పాట 26 వేలు, 25 వేల దగ్గర ఇద్దరి మధ్య ఆగింది. ‘ఆయనకు 25కే ఇస్తే నేనెందుకు 26 ఇయ్యాలె’ అని గెలిచినాయన అడిగాడు, న్యాయంగానే. ఇద్దరికీ 25 వేలకే ఇచ్చారు. వెయ్యి వదులుకుంటే ఇరవై ఐదు వేలు వచ్చాయి. రామప్ప 31 వేల చొప్పున రెండు, అక్షాంశం 14 వేల చొప్పున రెండు పోయాయి. తొమ్మిది లాట్లు పన్నెండై, మొత్తం 2 లక్షల 23 వేలు.

బస్సు చదివింపులు

ఆరో లాటు తర్వాత పాట ఆపారు. చివర్లో పెట్టకుండా మధ్యలో ఎందుకంటే, పెద్ద లాట్లు మూడూ అయిపోయాయి, ఓడిపోయినవాళ్ల జేబులో తీసిపెట్టుకున్న డబ్బు అలాగే ఉంది, ఇంకా ఎవరూ లేవలేదు. పెళ్లిలో కట్నాలు చదివించినట్టు చదివించారు. వస్తువేమీ లేదు, ఉత్త విరాళం. పూర్తి బస్సు 28 వేలు, సగం 14 వేలు, ఒక సీటు 560. దీనికి 80జీ రసీదు ఉంటుందని అక్కడే చెప్పారు. నగదైతే 2 వేలకు మించితే మినహాయింపు రాదు కాబట్టి, మూడు సీట్ల దాకా నగదు, నాలుగో సీటు నుంచి యూపీఐ లేదా చెక్కు.

మాట్లాడింది తొమ్మిదో తరగతి అమ్మాయి, రెండే నిమిషాలు. షీట్లు రెండూ బల్ల మీద పరిచి, పై షీటు కింది తెల్లంచును వెనక్కి మడిచి కింది షీటుకు ఆనించి పట్టుకుని, ‘ఈ అతుకు కాడ మా బడి ఉంటది’ అని వేలు పెట్టి చూపించింది. ముందు వరుసవాళ్లు లేచి వచ్చి చూశారు. పూర్తి బస్సులు నాలుగు, సగాలు ఐదు, సీట్లు 175. మొత్తం 2 లక్షల 80 వేలు, సరిగ్గా పది బస్సులు. పాటలో పైసా పెట్టనివాళ్లు, 560 పెట్టగలిగినవాళ్లు, మొదటి ఏడు ఊరికే భోజనం చేసి వెళ్లారు. వాళ్లకు ఇవ్వడానికి ఒక అంకె అంటూ దొరికింది ఇప్పుడే.

ఖర్చు 49 వేలు: హాలు 12, సకినాలూ సర్వపిండీ చాయ్‌లకు 14, ఆతిథ్యం ఇచ్చేవాళ్ల పెట్రోలుకు 18, మైకూ అచ్చూ 5. సాయంత్రం నాలుగున్నరకు మొదలై ఆరుంపావుకు ముగిసింది. మొదటి ఏడు భోజనం ముందు పెట్టడంతో తిన్నవాళ్లు వెళ్లిపోయారు. ఈసారి చాయ్ చివర.

ఇంకా కుదరనివి

ఐదున్నర లక్షల అవసరానికి 96 వేలు తక్కువ పడింది. బస్సులు పద్నాలుగూ నడిచాయి. సామానుకు 62 వేలే మిగిలాయి. ముందు షీట్లు, దిక్సూచులు కొన్నారు, వర్షమాపకాలు ఐదు బడులకే వచ్చాయి. ఐదింటిని ఎంచిన లెక్క ఇదీ: రోజూ ఉదయం 8:30కి, సెలవు రోజుల్లో కూడా, కొలత తీసే పిల్లలు బడి పక్కనే ఉండాలి, మాపకం మూతి నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున, గోడకూ చెట్టుకూ దూరంగా పెట్టే జాగా ఉండాలి. డాబా మీద పెడతామన్న రెండు బడులను పక్కన పెట్టారు. గాలికి అక్కడ కొలత తప్పుతుంది.

మిర్చి యార్డు లాటు 9 వేలకే ఆగింది. యార్డుకు వారాంతం సెలవు, ఉద్యోగస్తులకు వారాంతమే వీలు. లాటు ఎంచేటప్పుడే పట్టుకోవాల్సిన తప్పు. వచ్చే ఏడు దాన్ని సంక్రాంతి సెలవులకు ముడిపెడదామంటే యార్డుకూ అప్పుడు సెలవులే. బహుశా ఈ లాటు తీసేయాల్సిందే.

పన్నెండులో తొమ్మిది మే నెలాఖరుకు వాడుకున్నారు. మిర్చి లాటు తేదీలు మూడూ దాటిపోయాయి. గెలిచిన కుటుంబానికి డబ్బు వెనక్కి ఇస్తామంటే వద్దని, దాన్ని సీట్ల కింద రాసుకోమన్నారు. చెరువు కట్ట లాటువాళ్లు మత్తడి దూకేటప్పుడు చూస్తామని వానల దాకా ఆగారు. కాళేశ్వరం లాటువాళ్లకు ప్రాణహిత నిండుగా ఉన్నప్పుడు చూడాలని ఉంది. ఆతిథ్యం ఇచ్చే రిటైర్డ్ ఇంజినీరు వరద నెలల్లో ఘాట్ మీదికి పిల్లలతో రానని, అక్టోబర్ రెండో ఆదివారం అయితే సరేనని రాసి పంపారు. గడువు డిసెంబర్ దాకా ఉంది కాబట్టి ఆ తేదీ ఖాయమైంది.